మెత్తటి అనువాదం

ఫిబ్రవరి 12, బుధవారం

ఇవాళ సభంతా పగలబడి నవ్వింది. నవ్వించింది సభ్యుడు కెంజెబెక్ అనుకుంటున్నారు అందరూ. కాదు, నేను.

చర్చ ప్రసూతి ఆసుపత్రి గురించి. దుంగన్ పేటలో ఉన్న ఆ చిన్న ఆసుపత్రిని మూసేసి, స్థలం మార్కెట్‌కి ఇవ్వాలని కెంజెబెక్ తీర్మానం పెట్టాడు. వద్దన్నది డాక్టర్ జుబేదా ఒక్కరే. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆవిడ అక్కడే పురుళ్ళు పోస్తున్నారు. పోయిన ఎన్నికల్లో గెలిచి మా నగర సభకి వచ్చారు. సభలో ఉన్న ఒకే ఒక్క దుంగన్ మనిషి; నూట యాభై ఏళ్ళ కిందట చైనా నుంచి కొండలు దాటి మా కిర్గిజ్‌స్తాన్‌కి వచ్చినవాళ్ళు దుంగన్‌లు. రష్యన్ బాగా వచ్చు, కిర్గిజ్ అంతంత మాత్రం. అందుకని చెవిలో ఇయర్‌ఫోన్. అందులో గొంతు నాది. హాలు వెనక అద్దాల గదిలో కూర్చుని, కిర్గిజ్‌లో వీళ్ళు మాట్లాడిందంతా రష్యన్‌లో చెప్పడం నా ఉద్యోగం.

కెంజెబెక్ లేచి నవ్వుతూ అన్నాడు: "దుంగన్ ఆడాళ్ళు కుందేళ్ళలా కంటుంటే వాళ్ళకి మనం ఆసుపత్రులు కట్టాలా? అంతగా కావాలంటే, వాళ్ళ తాతలు కొండ దిగొచ్చిన దారినే చైనా పోయి కనమనండి. అయినా మొగుడి మొహం చూడని ఈ ముసలమ్మకి పిల్లలెలా పుడతారో ఏం తెలుసు? ఎవరన్నా చూపించండయ్యా!"

నేను చెప్పింది ఇది: "దుంగన్ కుటుంబాల్లో జననాలు ఎక్కువని సభ్యులు గుర్తుచేస్తున్నారు. ఈ విషయంలో డాక్టరుగారికున్న జ్ఞానం ప్రత్యేకమైనదని అంటున్నారు."

డాక్టరుగారు మైక్ దగ్గరికి వంగి, గుర్తించినందుకు సభ్యులకి కృతజ్ఞతలు అన్నారు. రష్యన్‌లో, ఎంతో మర్యాదగా.

అప్పుడు నవ్వారు. బల్లలు చరిచి నవ్వారు. ఆవిడ కూడా కొంచెం నవ్వారు. ఏదో సరదా మాట తనకి అందలేదనుకుని.

ఫిబ్రవరి 13

ఉద్యోగంలో చేరిన రోజు ఎసెన్‌బై బైకె నాకు చెప్పిన మాట గుర్తొస్తూనే ఉంది. మా ఆఫీసుకి ఆయనే పెద్ద; బైకె అంటే కిర్గిజ్‌లో అన్నగారు. "చూడు పిల్లా, నువ్వు గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టావి. బూట్లకి మట్టుంటుంది. గదిలోకి మట్టి రాకూడదు." నాకు నలభై ఆరేళ్ళు. ఇప్పటికీ పిల్లానే అంటాడు. అతిథులొస్తే "మా సభకి అందం" అని పరిచయం చేసి, టీ పోయమంటాడు. పోస్తాను.

మట్టి రానివ్వకపోవడమే మంచి పని అని నమ్మాను. ఎవరి మనసూ నొప్పించలేదనుకుని ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయేదాన్ని.

ఫిబ్రవరి 14

డాక్టరుగారు నా గదికి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

ఆసుపత్రిలో ఒక నర్సు చెప్పిందట. ఆ నర్సు కిర్గిజ్ అమ్మాయి. ఎవరో ఫోన్‌లో పంపిన వీడియో చూసి, ఏడుస్తూ మొత్తం చెప్పిందట. "నన్ను తిట్టినవాడికి నా చేత దండం పెట్టించారు మీరు" అన్నారు డాక్టరుగారు.

మీరు బాధపడతారని అలా చెప్పాను అన్నాను.

"నేను బాధపడాలో వద్దో మీరెవరు నిర్ణయించడానికి? వాడు నా మొహం మీద ఉమ్మాడు. మీరు దాన్ని వానచినుకు అని చెప్పారు. నేను గొడుగు తెచ్చుకోలేదే అని సిగ్గుపడుతూ నిలబడ్డాను."

గొంతు పెంచలేదు. అందువల్ల ఇంకా కష్టంగా అనిపించింది. క్షమించమని అడిగాను. ఇక నుంచి పదం పదం చెప్పాలని, ఒక్కటి తగ్గినా ఒప్పుకోనని అన్నారు. తలుపు దగ్గర ఆగి, మిమ్మల్ని కూడా వాళ్ళు అంటూనే ఉంటారు కదా, అది మీరు మీకెలా అనువాదం చేసుకుంటారు అని అడిగారు.

జవాబు కోసం ఆగలేదు.

ఫిబ్రవరి 26, బుధవారం

చెప్పాను. పదం పదం.

కెంజెబెక్ మళ్ళీ అదే తీరు. ఈసారి "చైనా సరుకు మూడు నెలలకే పాడవుతుంది, ఈవిడ మాత్రం అరవై ఏళ్ళొచ్చినా వాగుతూనే ఉంది" అన్నాడు. నేను ఒక్క అక్షరం కూడా మింగకుండా రష్యన్‌లో చెప్పాను.

డాక్టరుగారు లేచి నిలబడ్డారు. ఈ మాట మినిట్స్‌లో రాయండి, అన్న సభ్యుడు క్షమాపణ చెప్పాలి అన్నారు.

కెంజెబెక్ చుట్టూ చూసి, నేనేమన్నాను, నేనేమీ అనలేదే అన్నాడు. అధ్యక్షుడు ఎసెన్‌బై బైకె వైపు చూశాడు. ఎసెన్‌బై బైకె అద్దంలోంచి నా వైపు చూశాడు. మైక్ సరిగా లేదని, సభ పది నిమిషాలు వాయిదా అని ప్రకటించారు.

హాల్లో కిర్గిజ్ అర్థంకానిది ఆవిడ ఒక్కరికే. మిగతా అందరూ విన్నారు. ఎవరూ విననట్టే బయటికెళ్ళి సిగరెట్లు కాల్చుకున్నారు.

ఫిబ్రవరి 27

అనువాదంలో పొరపాటు అట. అనువాదకురాలు సొంత మాటలు చేర్చి జాతుల మధ్య గొడవ పెట్టిందట. ఆ మాట అన్నవాడి మీద ఏమీ లేదు. దాన్ని అనువదించిన నా మీద విచారణ.

రికార్డింగ్ వినండి అన్నాను. ఆ నిమిషం రికార్డు కాలేదట.

ఎసెన్‌బై బైకె ఎంతో ప్రేమగా మాట్లాడాడు. "ఒక చిన్న కాగితం రాసివ్వు పిల్లా. ఒంట్లో బాగోలేక తప్పు దొర్లిందని. ఆడవాళ్ళకి నెలలో అలాంటి రోజులుంటాయి, ఎవరూ ఏమీ అనుకోరు."

ఇదీ పదం పదం రాస్తున్నాను.

మార్చి 2

అన్నయ్య ఫోన్ చేశాడు. "ఒక దుంగన్ ముసలిదాని కోసం మనవాళ్ళ పరువు తీస్తావా? రేపు నీకేదైనా అయితే వాళ్ళొస్తారా, మేమొస్తామా?" అన్నాడు. వాళ్ళకేం తక్కువ, పొలాలున్నాయి, కొట్లున్నాయి, ఆస్తులన్నీ వాళ్ళవే అన్నాడు. అన్నయ్య చెడ్డవాడు కాదు. నా ఆపరేషన్‌కి రక్తమిచ్చాడు. ఇంట్లో భోజనాల దగ్గర మేమంతా ఇలాగే మాట్లాడుకునేవాళ్ళం. నేను కూడా నవ్వేదాన్ని.

కాగితం రాసివ్వలేదు.

మార్చి 7, శుక్రవారం

రేపు మహిళా దినోత్సవం కాబట్టి ఇవాళే సభలో వేడుక. మగ సభ్యులు ఆడవాళ్ళందరికీ పసుపుపచ్చ మిమోజా పూలు పంచారు. కెంజెబెక్ గ్లాసు ఎత్తి, ఆడది లేని ఇల్లు పొయ్యి లేని గుడారం అని మొదలుపెట్టి, అమ్మ గురించి మాట్లాడుతూ కళ్ళు తుడుచుకున్నాడు. నిజంగానే తడి ఉంది. అది చూసే నాకు భయం వేసింది.

డాక్టరుగారికి పూలిస్తూ "మా తూర్పు పువ్వు" అన్నాడు. నా దగ్గరికొచ్చి, కోపమొద్దు చెల్లీ, రాజకీయాలు వేరు, మనం మనం ఒకటి అన్నాడు.

వేడుక అయ్యాక నన్ను పిలిచి, రేపటి నుంచి రావక్కర్లేదన్నారు. విచారణ పూర్తయ్యేదాకా. పూలు బల్ల మీదే వదిలేసి వచ్చాను.

మార్చి 11

డాక్టరుగారు ఇంటికి వచ్చారు. ఉద్యోగం పోయిందని జాలిపడటానికి కాదు. నాకు కిర్గిజ్ నేర్పండి అన్నారు.

ఎక్కడి నుంచి మొదలుపెడదాం అన్నాను.

"తిట్ల నుంచి."

మార్చి 19

రోజూ సాయంత్రం ఆవిడ వంటింట్లో పాఠం. ఆవిడ వంటిల్లు ఆపరేషన్ గది కన్నా శుభ్రం. చల్లటి అష్లాన్‌ఫూ నూడుల్స్ గిన్నె ముందు పెట్టి, తింటూ చెప్పండి అంటారు. మిరపకారం ఘాటుకి నా కళ్ళలో నీళ్ళు.

ఆవిడకి వచ్చిన కిర్గిజ్ అంతా పురిటి గదిలో నేర్చుకున్నదే. ఊపిరి పీల్చు. తొయ్యి. అరవకు. భయపడకు. ఇంకొక్కసారి. అన్నీ ఆజ్ఞలే. "నేను వచ్చాను" అనడం రాదు, "రా" అనడం వచ్చు. ఒక భాషంతా ఆజ్ఞల్లోనే తెలిసిన మనిషిని ఇదే చూడటం.

కెంజెబెక్ అన్న మాటలన్నీ వరసగా నేర్పమన్నారు. ఒక్కో మాట నా నోటితో చెప్పాల్సి వచ్చింది. ఆవిడ ఎదురుగా, కళ్ళలోకి చూస్తూ. అద్దాల గదిలో అయితే ఇంత కష్టం లేదు. "కుందేలు" దగ్గర ఆగిపోయాను.

"తొయ్యి" అన్నారు ఆవిడ.

పాఠం అయ్యాక అడిగాను, నన్ను క్షమించారా అని. గిన్నె కడుగుతూ, వెనక్కి తిరగకుండా అన్నారు: "నువ్వు ఆడదానివి కాబట్టి సగం అర్థమవుతుంది నీకు. దుంగన్‌గా పడే మిగతా సగం నీకు పుస్తకంలో పాఠం, నాకు ఒంటి మీద దెబ్బ. అది తెలిసి రా, చాలు." మొదటిసారి నువ్వు అన్నారు.

మార్చి 21

నౌరూజ్, మా కొత్త సంవత్సరం పండగ. అన్నయ్య ఇంటికి పిలవలేదు.

ఏప్రిల్ 9, బుధవారం

సభకి వెళ్ళాను. ప్రజల వరసలో, ఆఖరి కుర్చీలో కూర్చున్నాను. అందరికీ ఇయర్‌ఫోన్ ఇస్తారు, నేనూ తీసుకున్నాను. నా అద్దాల గదిలో కొత్త కుర్రాడు. మంచి గొంతు. మెత్తటి రష్యన్.

ఆసుపత్రి తీర్మానం ఓటుకి వచ్చింది. డాక్టరుగారు లేచారు. ఇయర్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు. కిర్గిజ్‌లో మొదలుపెట్టారు.

యాస విని నలుగురైదుగురు నవ్వారు. ఆవిడ ఆగి, వాళ్ళ నవ్వు అయ్యేదాకా చూశారు. తర్వాత, ఫిబ్రవరిలో సభలో కొన్ని మాటలు వినిపించాయి, అనువాదకురాలి తప్పన్నారు, ఇవాళ అనువాదకురాలు లేదు, నేనే చెప్తాను, వినండి అన్నారు. నిజానికి "వినండి" కూడా కాదు, "విను" అన్నారు. సభ మొత్తాన్ని.

కుందేళ్ళు. కొండదారి. మొగుడి మొహం. చైనా సరుకు. ఒక్కటీ వదల్లేదు. దేనికీ గొంతు పెంచలేదు. రోగి ఒంట్లో ఏముందో చదివి చెప్పినట్టు చెప్పారు.

నా చెవిలో కొత్త కుర్రాడి గొంతు ఆగిపోయింది. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. పాపం, అతనికి ఎవరూ చెప్పలేదు, ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో.

ఈ మాటలు ఎవరన్నారు, లే, చెప్పు, భయపడకు అన్నారు ఆవిడ, కెంజెబెక్ వైపు చూస్తూ. పురిటి గదిలో అడిగినట్టే.

కెంజెబెక్ లేవలేదు. మొహం ఎర్రబడింది. అతని పక్షం వాళ్ళే తల దించుకుని ఫోన్లు చూసుకున్నారు. ఎవరూ ఆవిడ పక్షాన ఒక్క మాట అనలేదు. అన్నారని రాయాలనుంది. అనలేదు.

అధ్యక్షుడు గంట కొట్టాడు. సభలో అసభ్య పదజాలం వాడినందుకు డాక్టర్ జుబేదాకి హెచ్చరిక జారీ చేస్తున్నట్టు ప్రకటించాడు.

నేను లేచి అరవబోయాను. పక్కనున్న గార్డు భుజం మీద చెయ్యి వేశాడు. డాక్టరుగారు మాత్రం తల ఊపి, హెచ్చరిక ఏ మాటలకో మినిట్స్‌లో పూర్తిగా రాయమని అడిగారు. రూల్ ప్రకారం రాయాలి. కార్యదర్శి రాసుకుంది. రాస్తూ ఒకసారి పెన్ను ఆపి, మళ్ళీ రాసింది.

తర్వాత ఓటు. చేతులెత్తమన్నారు. కెంజెబెక్ ఎత్తాడు. పక్కన ఇద్దరు ఎత్తారు. మిగతావాళ్ళు ఇంకా ఫోన్లే చూస్తున్నారు. ధైర్యంతో కాదు. చెయ్యి పైకి లేస్తే అందరికీ కనిపిస్తుందని. తీర్మానానికి చాలినన్ని ఓట్లు రాలేదు. మళ్ళీ వచ్చే ఏడాదే పెట్టాలి.

మెట్ల మీద డాక్టరుగారి కోసం నిలబడ్డాను. మీరే అన్నట్టు రాశారు కదా, మీ పేరు మీద ఆ మాటలన్నీ, అది అన్యాయం కదా అన్నాను.

"వాడి పేరు మీద ఎప్పటికీ రాయరు. నా పేరు మీద అయినా ఉన్నాయి కదా. ఎప్పుడో ఎవరో చదువుతారు. ఒక ముసలి డాక్టరు తనని తాను కుందేలని ఎందుకు తిట్టుకుంటుంది అని ఆలోచిస్తారు." నా వైపు తిరిగి అడిగారు: "నా క్రియలు సరిగ్గా ఉన్నాయా?"

ఒకచోట తప్పు దొర్లిందన్నాను.

ఎక్కడో చెప్పమన్నారు. చెప్పాను. అక్కడే మెట్ల మీద నిలబడి, సరిచేసుకుని, రెండుసార్లు అన్నారు.

ఏప్రిల్ 30

విచారణ ముగిసింది. నమ్మకం పోయినందున నన్ను తొలగించారు. కోర్టులో అనువాదం పని దొరికింది. అక్కడ మెత్తగా చెప్తే మనిషి జైలుకి పోతాడు. లేదా పోవాల్సినవాడు పోడు.

మే 14

బజారులో కెంజెబెక్ ఎదురయ్యాడు. చంకలో మనవరాలు. "బాగున్నావా చెల్లీ?" అన్నాడు. బాగున్నాను బైకె అన్నాను. పాప బుగ్గ కూడా తాకాను.

బస్సెక్కాక, కిటికీ వైపు తిరిగి, ఆ మాటలన్నది నువ్వే, ఏమీ అనలేదని అబద్ధమాడిందీ నువ్వే అని అతనితో అనాల్సిన వాక్యం పైకే అన్నాను. మొత్తం. పక్క సీట్లో ఎవరో తెలియని ముసలావిడ. ఎవరిని అంటున్నావమ్మా అని అడగలేదు. తల ఊపింది.