ఇప్పవలసిన ముడుపు

రఘూ,

నువ్వు పోయి ఈ రోజుకి ఇరవై రెండేళ్లు. పొద్దున్నే మీ అమ్మ మేడ్చల్ నుంచి ఆటోలో షామీర్‌పేటలోని మా ఇంటికొచ్చింది. "దేవరయాంజాల్ గుడికి రంగులేస్తున్నరట. పాత ముడుపులన్నీ తీసి పారేస్తరట. నడువు బిడ్డా, మనది మనమే ఇప్పుకుందాం" అంది.

ఆమెతో పాటు ఆటో ఎక్కాను. మన పెళ్లికి ఇళ్లలో ఒప్పుకున్న నెలకే నీకు బ్లడ్ క్యాన్సర్ అని తెలిసింది. కాబోయే కోడలు కడితే ఆ గుడిలోని రాముడు వింటాడని, కొబ్బరికాయను పసుపు గుడ్డలో మూటగట్టి మీ అమ్మ నాకిచ్చింది. కట్టానని మీ ఇద్దరికీ చెప్పాను. నిజానికి, దేవుడితో బేరమేమిటని దాన్ని బస్సు సీటు కింద వదిలేసి దిగిపోయాను. నువ్వు పోయాక, ఏ దేవుణ్ణీ నమ్మని నాకు ఒకటే భయం: కట్టి ఉంటే బతికేవాడివేమో.

ఆటో తూంకుంట దాటాక ఇక దాచలేకపోయాను. "అమ్మా, ఆ ముడుపు నేను కట్టలేదు."

ఆమె రోడ్డునే చూస్తూ అంది: "నాకెరుకే పిల్లా. నువ్వు కట్టినన్న నాడే, 'దానికి గివన్నీ పట్టయి, నువ్వే ఇంకోటి కట్టుకోపో' అని రఘుగాడు నవ్విండు. తెల్లారే పోయి కట్టిన. గిప్పుడు నా చెయ్యి అంత పైకి లేస్తలేదు. గందుకే నిన్ను పిలిచిన."

అంటే నీకు తెలుసు. ముడుపు కట్టే ఉంది, అయినా నువ్వు పోయావు. నా తప్పు కాదని ఊపిరి పీల్చుకున్నాను; వెంటనే సిగ్గేసింది. "మరి ఇంకా ఎట్లా మొక్కుతావమ్మా?" అని అడగబోయాను. ఆమె అప్పటికే ఆటో దిగి, గుడి ముందు చెప్పులు విడుస్తోంది.