పెరటి తలుపు దగ్గరి బుడ్డోడు

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ మేం ముగ్గురం ఒంటికి ఏ లోటూ లేకుండా ఉన్నాం. ఆ మాట అన్నిటికంటే ముందు రాసేస్తున్నాను. ఈ ఉత్తరం నీ చేతికి వచ్చేలోపు మన ఊరివాళ్లెవరైనా నీ చెవిన ఏదో ఒకటి వేస్తారేమోనని నా బెంగ. ఎవరేం చెప్పినా నమ్మకు. కాళ్లూ చేతులూ ఉన్నాయి, కళ్లు కనబడుతున్నాయి, ముద్ద గొంతు దిగుతోంది. నువ్వూ, అన్నయ్యా, వదినా అక్కడ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరంలో చదివి స్థిమితపడ్డాను.

ఫోన్ చేయక ఈ రాతలేమిటని అన్నయ్య విసుక్కుంటాడు. ఫోన్లో చెబితే నీకు సగం వినపడదు, మిగతా సగానికి అన్నయ్య తన సొంత కవిత్వం కలిపి నీ చెవిలో అరుస్తాడు. ఇది అలా చెప్పే సంగతి కాదు. నెమ్మదిగా కళ్లజోడు పెట్టుకుని చదువు. కూర్చుని చదువు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. పాప దగ్గు తగ్గింది. నువ్వు చెప్పిన కషాయం తాగనంటే తాగనని మొండికేసింది, అదే తగ్గిపోయింది. నీ అల్లుడి మోకాలు అలాగే ఉంది. కరెంటు ఆఫీసులో స్తంభాలెక్కే పని మాన్పించి కుర్చీలో కూర్చోబెట్టారు. దానికి ఆయన చిన్నబుచ్చుకున్నా నాకు మాత్రం గుండెల మీద బరువు దిగింది. నేను వేళకు తింటున్నాను. పెరట్లో గులాబీ సంగతీ, మన బుడ్డోడి సంగతీ అడిగావు. ఆ రెండూ తర్వాత రాస్తాను.

“ఆ చరిత్ర సంఘంలో దుమ్ము తప్ప నీకు దొరికేదేమిటే?” అని కూడా అడిగావు. దుమ్మూ దొరుకుతుంది, తుమ్ములూ దొరుకుతాయి. కానీ ఈ ఏడాది మా సంఘం కళకళలాడిపోయింది. నీళ్ల పంపుల పాత ఆఫీసును బాగుచేసుకుని అందులోకి మారాం. నెలకోసారి గొడుగు మాస్టారు జనాన్ని వెంటేసుకుని ఊరి పాత వీధులు చూపిస్తున్నారు. ఆయనే మా అధ్యక్షులు, బళ్లో నాకు బొమ్మలు నేర్పిన మాస్టారు. ఎండైనా వానైనా చేతిలో గొడుగుండాల్సిందే. నేను కార్యదర్శిని కాబట్టి కుర్చీలు సర్దడం నుంచి ముసలివాళ్ల జ్ఞాపకాలు టేపు చేయడం దాకా అన్నీ నా నెత్తినే.

ఈసారి ఆ ఆఫీసు హాల్లోనే “మా ఇంటి పాత వస్తువు” అని ఒక ప్రదర్శన పెట్టాం. ఎవరింట్లో ఉన్న పాత వస్తువు వాళ్లు తెచ్చి బల్ల మీద పెట్టి, దాని కథ చెప్పాలి. జనం విరగబడి వచ్చారు. చేతి కుట్టుమిషన్లు, గుర్రపు కళ్లేలు, పగిలిన అద్దాల కళ్లజోళ్లు. దంతవైద్యుడు తన తాత పళ్లు పీకిన పట్టకారు తెచ్చాడు. అది చూసి పిల్లలు అందరూ నోళ్లు మూసుకున్నారు. అందరూ తెస్తుంటే కార్యదర్శి ఉత్త చేతులతో ఎలా ఉంటుంది? నేను మన బుడ్డోడిని తీసుకెళ్లాను.

నీ అల్లుడే భుజాన వేసుకుని తెచ్చి బల్ల మీద పెట్టారు. నేను చింతపండు పెట్టి తోమాను. ఎంత నున్నగా వచ్చిందో! పక్కన చీటీ కూడా రాశాను: “ఇనప గుండు. బావి తవ్వినప్పుడు దొరికింది. ఉపయోగం: గాలికి పెరటి తలుపు కొట్టుకోకుండా ఆపడం.” అందరూ చదివి నవ్వారు. చిన్నప్పుడు అన్నయ్య దాని మీద గుర్రం ఎక్కినట్టు కూర్చునేవాడనీ, పాకే వయసులో నేను దాన్ని పట్టుకునే నిలబడటం నేర్చుకున్నాననీ, నువ్వు దానికి బుడ్డోడని పేరు పెట్టి, “బుడ్డోడిని తలుపుకి ఆనించండే” అని కేకేసేదానివనీ అందరికీ చెప్పాను. గొడుగు మాస్టారు దాన్ని గొడుగుతో టకటకా కొట్టి, “భలే గట్టి కుర్రాడు” అన్నారు.

మధ్యాహ్నం బడిపిల్లలు వచ్చారు. మన పాప వాళ్లలోనే ఉంది. మా అమ్మమ్మగారి వస్తువు అని గొప్పలు పోతూ, “అమ్మా, బుడ్డోడి మూతి చూపించవే వీళ్లకి” అంది. కోసుగా ఉండే కొస గోడవైపు ఉంది. సరేనని రెండు చేతులతో తిప్పాను. ఆ బల్లకు ఒక కాలు పొట్టి, కింద అట్టముక్క మడిచి పెట్టాం. బరువు పక్కకు జరగడంతో అట్ట జారిపోయింది, బల్ల ఒరిగింది, బుడ్డోడు దొర్లాడు. అంచు దాకా వచ్చాక పొట్ట అడ్డం పెట్టి రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అప్పుడే దంతవైద్యుడి మామగారు లోపలికి వచ్చారు. సైన్యంలో ఫిరంగుల దళంలో అధికారిగా చేసి దిగిపోయినాయన. అల్లుడి దగ్గర పన్ను పీకించుకుని, బుగ్గ వాచిపోయి, నోటినిండా దూదితో ఉన్నారు. నన్నూ, నా చేతుల్లో ఉన్నదాన్నీ చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. ఏదో అన్నారు. “ఒగలొగ్గు” అన్నట్టు వినపడింది. పిల్లలు కిసుక్కున నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన దూది ఊసేశారు. గడ్డం మీదికి నెత్తురు కారుతుంటే, గొంతు పెంచకుండానే అన్నారు.

“వదలొద్దు. అమ్మా, నువ్వలాగే ఉండు. వేలు కూడా కదపకు. మాస్టారూ, పిల్లల్ని బయటికి తీసుకెళ్లండి. పరుగెత్తించొద్దు.”

“ఏమైందండీ?” అన్నాను.

“అది ఫిరంగి గుండు. పేలనిది. దాన్ని పేల్చే మూతి ఇంకా దానికే ఉంది.”

అమ్మా, ఆ మాట చెవిలో పడింది గానీ బుర్రలోకి వెళ్లలేదు. మన బుడ్డోడిని పట్టుకుని ఎవరో పరాయివాడి పేరు చెబుతున్నట్టుంది. మాస్టారి ముఖం పాలిపోయింది. మన ఇంటివైపు తూర్పు పొలాల్లో పూర్వం సైన్యం గుళ్లు పేల్చి సాధన చేసేదని వీధి నడకలో ప్రతిసారీ చెప్పేది ఆయనే. నేను పక్కన నిలబడి తలూపేదాన్ని. ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఆయన గొడుగు పైకెత్తి, “పిల్లలూ, వీధి చూద్దాం రండి, వరసలో” అన్నారు. గొంతు వణికింది గానీ గొడుగు వణకలేదు. పిల్లలు బాతుల్లా ఆయన వెనక వెళ్లిపోయారు.

పాప మాత్రం వెళ్లలేదు.

“నువ్వు రావా?” అంది.

“వస్తాను, నువ్వు పద.”

“నువ్వొస్తేనే వెళ్తా.” వచ్చి నా మోచేయి పట్టుకోబోయింది. అది పట్టుకుంటే నా చెయ్యి జారుతుంది. అప్పటికే అరచేతుల్లో చెమట. బతిమాలాను, వినలేదు. నువ్వెరుగుదువుగా దాని మొండితనం, నీ పోలికే. అప్పుడు అరిచాను. “పో ఇక్కణ్ణుంచి! నువ్వంటే నాకు అసహ్యం! పో!” అన్నాను. దాన్ని పుట్టిన దగ్గర్నుంచి ఒక్క దెబ్బ వేయలేదు నేను. అది చెంపదెబ్బ తిన్నట్టు నన్ను చూసి, వెనక్కి నడుస్తూ వెళ్లిపోయింది. ఇదే దానికి నా ఆఖరి మాటవుతుందేమో అనుకున్నాను. గుండు కంటే ఆ ఆలోచనకే ఎక్కువ భయపడ్డాను.

నీ అల్లుడు బయట కుర్చీలు దించుతున్నారట. విషయం తెలిసి లోపలికి రాబోతే నలుగురు పట్టుకుని ఆపారు. ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం వినపడుతూనే ఉంది.

హాల్లో నేనూ ఆ పెద్దాయనా మిగిలాం. ఆయన వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. ఒక కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నారు.

“ఇది పేలుతుందాండీ?”

“తెలీదమ్మా. తెలుసని చెప్పేవాణ్ణి నమ్మకు.”

“ఇన్నేళ్లూ మా ఇంట్లో దీనిమీద పిల్లలు ఆడుకున్నారండీ. మా అన్నయ్య సుత్తితో కొట్టేవాడు.”

“అది దాని మంచితనం కాదు, మీ అదృష్టం. పన్ను పీకిన చోట తెగ సలుపుతోందమ్మా. మా అల్లుడు మంచివాడే గానీ చెయ్యి మొరటు.”

నాకు నవ్వొచ్చింది. నవ్వితే పొట్ట కదులుతుందని పళ్లు బిగబట్టాను. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతుల్లేవు. ఆయనే తన రుమాలుతో తుడిచారు. ఆ రుమాలుకు ఆయన నోటి నెత్తురు వాసన. ఇప్పటికీ ముక్కులో ఉంది.

అగ్నిమాపకం వాళ్లు ఇసక బస్తాలు తెచ్చారు. ఒక్కొక్కటీ పసిబిడ్డను పడుకోబెట్టినట్టు బల్ల మీద పెట్టి, గుండు కింద, పక్కన, నా చేతుల చుట్టూ కూరారు. చివరికి పెద్దాయన, “అయిపోయిందమ్మా. ఇక చేతులు తియ్” అన్నారు.

ఇక్కడి నుంచి జరిగింది ఊళ్లో ఎవరూ నీకు చెప్పరు, ఎందుకంటే వాళ్లకు తెలీదు. పేపర్లో నా ఫోటో వేసి ధీరవనిత అన్నారు. ఆ ఫోటో సంఘం గోడకు తగిలిద్దామని మాస్టారు పట్టుబడుతున్నారు. పిల్లలకోసం ప్రాణం లెక్కచేయకుండా నిలబడిందట. అదంతా అబద్ధం అమ్మా. పెద్దాయన చేతులు తియ్ అన్నాక కూడా నేను తీయలేదు. రాలేదు. వేళ్లు నావి కానట్టు బిగుసుకుపోయాయి. అసలు మొదటి నుంచీ అంతే. ఆయన వదలొద్దు అనకపోయినా నేను వదలగలిగేదాన్ని కాదు. పారిపోవాలని ఒళ్లంతా కొట్టుకుంది, కాళ్లు రాలేదు. పాపను తరిమేశాక, దానితో పాటు నేనెందుకు పోలేదా అని కూడా అనిపించింది. ఆ పెద్దాయన నా వేళ్లను తన చేతుల్లో వెచ్చచేసి, ఒక్కొక్కటే విడదీశారు. బయటికి ఎలా వచ్చానో గుర్తులేదు. మెట్ల మీద కూలబడి వాంతి చేసుకున్నాను. పాప దూరంగా నిలబడి చూస్తోంది. రాత్రి అన్నం దగ్గర అడిగింది, “నిజంగానే అన్నావా?” అని. కాదే, కాదే అని చెప్పాను. నమ్మినట్టే ఉంది. కానీ నిద్రలో కూడా నా చెయ్యి వదలడం లేదు.

మర్నాడు సైన్యం వాళ్లు వచ్చి దాన్ని ఇసక బండిలో పేల్చేయడానికి ఊరవతల క్వారీకి తీసుకెళ్లారు. చచ్చుగుండేమోనని అందరం అనుకున్నాం. నాకూ ఆశ ఉండేది, మన బుడ్డోడు ఉత్త ఇనుమేనని. తర్వాత నేల అదిరింది. హాలు కిటికీ అద్దం నిలువునా చీలింది. ఊళ్లో కుక్కలన్నీ ఒక్కసారి అరిచాయి. మాస్టారు వీధిలో గొడుగు తెరిచి దాని కింద నక్కి కూర్చున్నారు. తర్వాత ఆయనే తలచుకుని నవ్వారు, నేను నవ్వలేకపోయాను. నేను నిలబడటం నేర్చుకున్నది దాన్ని పట్టుకునే కదా.

గులాబీ మాట. గులాబీ లేదమ్మా. బావి తవ్విన చోట ఇంకా గుళ్లు ఉండొచ్చని మమ్మల్ని ఇల్లు ఖాళీ చేయించి, పెరడంతా చదరం చదరంగా తవ్వారు. నువ్వు బట్టలుతికే బండ కింద ఇంకొకటి దొరికింది. ఆ బండ మీద నువ్వు నా లంగాలు ఎన్ని ఉతికావో, దుప్పట్లు ఎంత బలంగా బాదేదానివో గుర్తొచ్చింది. దాన్నీ తీసుకెళ్లిపోయారు. ఇక ఏమీ లేవని చెప్పి ఇల్లు అప్పగించారు. ఇప్పుడు ఇంట్లోంచే రాస్తున్నాను. పెరడు మాత్రం దున్నిన చేనులా ఉంది.

నువ్వు ఇది చదివి, దాన్ని ఇంట్లో పెట్టుకున్నది నేనే కదా అని కుమిలిపోతావు. నాకు తెలుసు నీ సంగతి. వద్దు. బావి తవ్వించిన నాన్నకూ తెలీదు, నీకూ తెలీదు. ఎవరికీ తెలీదు.

నిన్న సంఘం మళ్లీ తెరిచాం. మొదట వచ్చింది ఒక ముసలావిడ, గుడ్డలో ఏదో మూటగట్టుకుని. “ఇది పుచ్చుకో తల్లీ” అని చేతులు చాపింది. నా చేతులు లేవలేదు. ఆవిడే బల్ల మీద పెట్టి విప్పింది. చెక్క గిలక్కాయ. ఆవిడ కొడుకుది, ఆ కొడుకుకే ఇప్పుడు మనవలట. ఊపి చూపించింది. గలగలమంది. నేను వెనక్కి గెంతి గోడకు అతుక్కుపోయాను.

ఆవిడ నవ్వలేదు. నన్ను కాసేపు చూసి, గిలక్కాయను మళ్లీ గుడ్డలో చుట్టుకుంది. “ఇవాళ వద్దులే. రేపొస్తా. రేపు కాకపోతే ఎల్లుండొస్తా. నాకేం పని?” అంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, “మీ అమ్మ ఉందా?” అని అడిగింది.

ఉందన్నాను.

అన్నయ్యకు చెప్పి బయల్దేరి రా అమ్మా. వచ్చి నువ్వేం చేయక్కర్లేదు. ఆ హాల్లో నా పక్కన ఒక కుర్చీ వేస్తాను, కూర్చో. చాలు.

ఇట్లు,
ధైర్యం లేని
నీ చిన్నది