దించలేని చేతులు

గుజరాత్‌లోని వేరావల్‌కు చేపల వేటకెళ్లిన మావకు,

నీ దేవి రాస్తున్నది. ఇక్కడ నేనూ అత్తా కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, పడవ మీది మనవాళ్లంతా క్షేమమని తలుస్తాను. గోవింద్ బావ రేపు అటు బయలుదేరుతున్నాడని ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను. ఫోన్లో నీ గొంతు వింటే చెప్పాల్సింది మింగేస్తాను.

"సైనావోళ్ల కరాటే నేర్సుకుంటన్నావట, నేనొచ్చాక కొడతావేటి?" అని రాశావు. కరాటే కాదు మావా, తాయ్ చీ అంటారు. నర్సింగ్ పిల్లలకు గాభరా తగ్గాలని మా అనూరాధ మేడం డ్యూటీకి ముందు కాలేజీ డాబా మీద చేయిస్తున్నారు. మోకాళ్లు కాస్త వంచి, ఊపిరి పీలుస్తూ చేతులు నెమ్మదిగా ఎత్తాలి, వదులుతూ దించాలి. ఇంట్లో చేస్తుంటే అత్త చూసి, "ఏటే, గాల్లో వల లాగుతన్నావా?" అంది.

మిగతా పిల్లలకు హాయిగా నిద్ర పడుతోందట. నాకు మాత్రం దించే దగ్గరే చేతులు బిగుసుకుపోయేవి. ఎందుకని మేడం అడిగితే నోరు జారాను. "ఊపిరొగ్గేత్తే మా మావకేటైనా అయిపోతాదనిపిస్తాది మేడం."

నీకు చెప్పనిది ఇదే. పోయిన నెల క్యాజువాలిటీకి పడవ బోల్తాపడి మునిగిన ఒకతన్ని తెచ్చారు. నీకున్నలాంటి గళ్లచొక్కా. ముఖం అటు తిరిగి ఉంది. నువ్వు గుజరాత్‌లో ఉన్నావని తెలిసీ, చేతిలో ట్రే పడేసి బయటకు పరుగెత్తాను. అతను బతకలేదు. అప్పటినుంచి సూది పట్టుకుంటే చేయి వణికేది. చదువు మానేద్దామనుకున్నాను.

మేడం తిట్టలేదు. "దించలేకపోతే దించకు. అలాగే నిలబడు, నేనూ నిలబడతాను" అన్నారు. ఇద్దరం చేతులెత్తి నిలబడ్డాం, భుజాలు పీకేదాకా. చివరికి నొప్పికి వాటంతటవే దిగాయి, ఊపిరీ బయటకొచ్చేసింది. డాబా మీదే కూలబడి ఏడ్చాను.

మొన్న కూర్మమ్మ అనే ముసలమ్మకు సెలైన్ పెట్టాను. వణుకు పూర్తిగా పోలేదు గానీ నరం దొరికింది. "నొప్పెట్టకండా సేసినావమ్మా" అంది. ఇక చదువు మానను.

అయినా నా గాభరా అంతా తాయ్ చీకి లొంగేది కాదు మావా. ఇంకో సీజను అక్కడి వేటకు ఒప్పుకోమంటావా అని నువ్వడిగితే "నీ ఇష్టం" అన్నాను. అబద్ధం. నాకిష్టం లేదు. ఒప్పుకోకు. ఇక్కడ చేప తక్కువని తెలుసు. తక్కువైనా సరే, సాయంత్రానికి ఒడ్డుకొచ్చే పడవ ఎక్కు. కోపమొస్తే ఇంటికొచ్చి, నా ఎదురుగా నిలబడి తిట్టు.

ఇట్లు,
నీ ఇంటిది,
దేవి