మెల్లగా వాయించే చోటు

అమ్మలూ,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. నీ దగ్గర పియానో నేర్చుకున్న లహరి ఆదివారం మ్యూజిక్ స్కూల్లో నీ పేరు మీద నువ్వు రాసిన సొనాటా వాయిస్తుందట. మనింటికొచ్చి నీ పియానో మీదే ప్రాక్టీస్ చేస్తోంది. వింటుంటే నాకు ఒళ్లు మండిపోతోంది.

మధ్యలో మెల్లగా వాయించే చోటు ఉంది చూడు, అక్కడ చంటిపిల్లని జోకొడుతున్నట్టు వాయిస్తోంది. "అలా కాదే" అంటే, "మెల్లగా అనే రాసుంది కదాంటీ" అంటుంది. ఆ స్వరాల కాగితం నాకు చదవడం రాదు. దానికెలా చెప్పను? మీ నాన్న ఇబ్రహీంపట్నం పవర్ ప్లాంటులో నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునేవారు. నువ్వు వాయిస్తుంటే "మెల్లగా" అని గదిలోంచి కేకేసేవారు. నువ్వు పళ్లు బిగబట్టి, కోపమంతా వేళ్లలో అదిమిపెట్టి మెల్లగా వాయించేదానివి. గిన్నెలు తోముతున్న నేను కుళాయి కట్టేసి వినేదాన్ని.

చివరికి విసుగొచ్చి, "మీ అంకుల్ లోపల పడుకున్నారు, గట్టిగా వాయిస్తే తిడతారు, అనుకుని వాయించవే" అన్నాను.

లహరి నవ్వింది. "అంకుల్ రిటైరయ్యారుగా ఆంటీ, పగలెందుకు పడుకుంటారు?"

అది విని మీ నాన్న గది తలుపు తీసుకుని వచ్చారు. "నువ్వు గట్టిగానే వాయించుకోమ్మా. నేను పడుకోవట్లేదులే" అన్నారు.

ఆ మాట కోసం నువ్వెన్నాళ్లు ఎదురుచూశావో ఆయనకేం తెలుసు. వంటింట్లోకి వెళ్లి కుళాయి మొత్తం విప్పేశాను.

అమ్మ