తీర్మానం కింద పేరు

ఎల్లారెడ్డి,
1939 మార్చి

చిరంజీవి ప్రభాకరరావుకు,

హిందువులు పీర్ల దగ్గర పాడగూడదని, సాయిబుల సన్నాయి గుడిలో మోగగూడదని కామారెడ్డిలో మీ సంఘం చేసిన తీర్మానం అందింది. పత్రికలో వేయమన్నావు. వేసే ముందు విచారించడం నా వృత్తి.

పీర్ల పండుగకు మీ ఊరు వెళ్లాను. డప్పుల వాళ్లు డప్పులు కాచుకుంటున్నారు. యాకూబు సన్నాయి సవరించుకుంటున్నాడు. ఏటా మొదటి పాట ఎత్తుకునే మీ అమ్మ, మా భూదవ్వ చిన్నమ్మ, గోడవారన కూర్చుని ఉంది. నువ్వు పాడవద్దన్నావట. ఇంత పెద్ద సంఘం ఒక ముసలామె నోరు మూయించగలిగింది. అది వార్తే.

"ముగ్గురు పిల్లలు పోయినంక పీరు ఇచ్చిండు వాన్ని. బతికినన్ని దినాలు పాడుతనని మొక్కిన. ఇప్పుడు పాడకుంటే వానికేమన్న అయితదేమో కొడుకా!" అని నాతో చెప్పుకుని ఏడ్చింది.

యాకూబు నవ్వాడు. "నువ్వు ఎత్తుకోకుంటే పీరు లేవదు అవ్వా. నీ కొడుకును నన్ను తిట్టమను. గుళ్లెకు ఎట్లాగు రానియ్యడాయె, ఇంక నా దగ్గర గుంజుకునేదేముంది?"

ఆమె లేచి వెళ్లి పాడింది. గొంతు జీరబోయింది గాని, నీ ఆయుష్షు కోసం తెల్లవార్లూ పాడింది.

నీ తీర్మానం వేస్తాను. ఒక్క సవరణ మాత్రం చేశాను. కింద నువ్వు పెట్టుకున్న ప్రభాకరరావు అనే పేరు మీ ఊళ్లో ఎవరూ ఎరగరు. మీ అమ్మ పీరుకు మొక్కుకుని పెట్టిన పేరే అచ్చవుతుంది: పీరయ్య, కార్యదర్శి.

ఇట్లు,
మీ అన్న