అరువు బొమ్మలు

ప్రియమైన అక్కకి,

నీ పిల్లల బొమ్మలు, కథల పుస్తకాలు ఈ సంచిలో తిరిగి పంపుతున్నాను. పాప పుట్టినరోజుకని అబద్ధమాడి తెచ్చుకున్నాను. పోయిన నెల ఆసుపత్రి నర్సమ్మ మా ఇల్లు చూడటానికి వస్తానంటే వాటిని గోడవారగా సర్దిపెట్టాను. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇళ్లన్నీ చూసి, ఆడుకోవడానికి చోటూ మాట్లాడే మనిషీ లేని పిల్లల్ని ఆటల బడిలో ఉచితంగా చేర్చుకుంటారట. ఆ సంగతి నా చెవికెక్కితేగా. నా ఇల్లు ఎవరింటికీ తీసిపోదనిపించుకోవాలన్న ఆరాటం ఒక్కటే నాకు. రోజూ కథలు చెబుతానని కోతలు కూడా కోశాను. ఆవిడ మెచ్చుకుని, పాప పేరు జాబితాలోంచి కొట్టేసి వెళ్లిపోయింది. నేను ఆ రోజంతా మురిసిపోయాను.

నిజం నీకైనా చెప్పాలి. తెల్లారింది మొదలు కుట్టుమిషను మీదే ఉంటాను. సూదులు, కత్తెర, ఇస్త్రీపెట్టె. ఎక్కడ చెయ్యి పెడుతుందోనని పాపని బట్టలొచ్చే అట్టపెట్టెలో కూర్చోబెడతాను. మిషను చప్పుడుకి దాని ఏడుపు కూడా వినపడదు. పైగా నా కూతురు బుద్ధిమంతురాలు, అల్లరే చెయ్యదని అందరి దగ్గరా చెప్పుకున్నాను. మొన్న అది ఒక గుడ్డపీలికని ఒళ్లో పడుకోబెట్టుకుని జోకొడుతూ, "కదలకు, కదలకు" అంది. మూడేళ్ల పిల్లకి వచ్చిన మాట అదొక్కటే అక్కా. నేను దానితో అనే మాటా అదొక్కటే. నాకు తల కొట్టేసినట్టయింది.

వెంటనే నర్సమ్మ దగ్గరికెళ్లి అంతా ఒప్పుకున్నాను. ఆవిడ తిట్టలేదు. ఈ వయసులో పిల్లల మెదడు చుట్టూ వినే మాటలతో, ఆటలతో ఎదుగుతుందని, ఇప్పటికీ మించిపోలేదు కానీ ఆలస్యం చెయ్యొద్దని చెప్పింది. బడిలో చోట్లు మాత్రం నిండిపోయాయి. ఇక మళ్లీ వచ్చే ఏడాదే. నేను గొప్పలకి పోయి నా బిడ్డకి ఏడాది లేకుండా చేశాను.

ఇట్లు,
సిగ్గుతో, నీ చెల్లి

చిన్నీ,

సంచి అందింది. పుట్టినరోజన్నది అబద్ధమని నాకు అప్పుడే తెలుసు. నీ కూతురు ఏ నెలలో పుట్టిందో నాకు తెలీదా? ఎందుకని అడిగితే మళ్లీ ఏ బాధ్యత మీద పడుతుందోనని, బొమ్మలిచ్చి చేతులు దులిపేసుకున్నాను.

పోయిన ఏడాది నువ్వు పాపని రోజూ ఒక పూట నా దగ్గర ఉంచుకోమని అడిగావు. నడుంనొప్పి అన్నాను. నొప్పీ లేదు, గిప్పీ లేదు. మాటలు రాని పిల్లతో తిరిగితే నా పిల్లలు వెనకబడిపోతారని భయపడ్డాను. పక్కగదిలో మీ బావతో, "ఆ మొద్దుని మనకంటగట్టాలని చూస్తోంది" అన్నాను. నువ్వు వినే ఉంటావు. విననట్టే దానికి చెప్పులు తొడిగి తీసుకెళ్లిపోయావు. నీకు పొట్ట గడవడానికి మిషను తొక్కక తప్పలేదు. నాకేం అడ్డొచ్చిందే?

రేపు పొద్దున వస్తున్నాను. రోజూ వచ్చి మా ఇంటికి తీసుకెళ్తాను. మధ్యాహ్నం దాకా పాప నా దగ్గరే ఉంటుంది. నా పెద్దాడు, "దానికి మాటలు రావుగా, ఏం మాట్లాడాలి?" అన్నాడు. ఆ మాట వాడికి నేర్పింది నేనే. నీ ఎదుట పడటానికి నాకు మొహం చెల్లడం లేదు. గుమ్మం బయటే నిలబడతాను. పాపని నా చేతికిస్తావా?

మీ అక్క