మొదటి పాదమే తెలిసిన పాట

మార్చి 30, ఆదివారం

ఉగాది. షాపు బంద్. పచ్చడిలో ఉప్పు మరిచింది సుగుణ. నేను చెప్పలేదు. చెబితే నవ్వుతుంది, నవ్వితే గొంతు నొస్తుంది.

థైరాయిడ్ ఆపరేషన్ అయి ఐదు నెలలు. మాట వచ్చింది — బొంగురుగా, సగం గాలి. పాట రాలేదు. మెల్లగా కూనిరాగం తీయమ్మా, తీస్తేనే సాఫవుతుంది అన్నాడు డాక్టర్. ఈమె వింటేగా! "గీ గొంతుతోనా? పక్కింటోల్లు నవ్వుతరు."

ఇరవై రెండేళ్లు ఆ పాట మధ్య బతికాను. ఎవరి దగ్గరా నేర్చింది కాదు, తానే కైగట్టింది. పన్నెండు నెలలకు పన్నెండు చరణాలు, ఒక్కోటి రెండు పాదాలు. బీడీల చాట ఒళ్లో పెట్టుకుని పాడేది. మొదటి పాదం గట్టిగా, రెండోది తనలో తాను. అందుకే నాకు మొదటి పాదాలే తెలుసు. షాపుకు లేటవుతోందని చెప్పులేసుకుంటూ విన్నవాడికి అంతకంటే ఏం తెలుస్తుంది. సిగ్గేస్తోంది.

ఇవాళ అనుకున్నాను — నెలకో ఫోటో. చరణానికి ఒకటి. పాతికేళ్లుగా కోరుట్లలో అందరి పెళ్లిళ్లూ తీశాను. మా ఇంటి గోడకు ఒక్కటీ తీయలేదు.

ఏప్రిల్ 6

*సైత్రమాన సింతసిగురు సేతినిండ సిక్కెనే.*

రుద్రంగి, అత్తగారిల్లు. చిగురు దూస్తుంటే సుగుణ చేతులే తీశాను. ముఖం వద్దంది. గొంతు మీది గాటు కనబడుతుందని కొంగు చుట్టుకుంది — ఈ ఎండలో.

రెండో పాదం ఏందని అడిగాను. "యాదికి లేదు." చిగురు ఒళ్లో పోసుకుంటూ — "ఒట్టి మాటల్ల రాదయ్యా. రాగం తీస్తెనే యాదికొస్తది."

అత్తను అడిగాను. "దాని పాట దానికే ఎరుక" అంది.

రాగం తీయదు. ఎక్కడా రాసిపెట్టలేదు. అంటే పన్నెండు రెండో పాదాలూ పోయినట్టేనా? దారంతా అదే ఆలోచన.

మే 18

పెళ్లిళ్లు, పెళ్లిళ్లు. వైశాఖం ఫోటో తీశాను. బాగా రాలేదు.

జూన్ 11

*జేష్టమాన తొలిచినుకు ఎవరి మీద పడెనే.*

నా లెన్సు మీద పడింది.

జులై 6

*ఆసాడాన అత్తగడప దాటబోకు అల్లుడా.*

మళ్లీ రుద్రంగి. గడప బయట నా చెప్పులు విడిచి, వాటినే తీశాను. సుగుణ లోపల్నుంచి చూస్తూ, "గా అల్లుడు ఎవలనుకున్నవ్? నువ్వే" అంది.

పెళ్లయిన రెండు నెలలకు ఆషాఢమని పుట్టింట్లో ఉంచారు కదా. అప్పుడే కట్టిందట పాటంతా. నా మీద రంది, బెంగ పెట్టుకుని. ఇరవై రెండేళ్లకు తెలిసింది నాకు! రాత్రి అన్నం సయించలేదు, సంతోషానికి.

ఆగస్టు 10

శ్రావణం. చాట అటకెక్కింది. తంబాకు దుమ్ము పడదన్నాడు డాక్టర్. టీవీ చూస్తుంటే మాత్రం ఆమె వేళ్లు ఒట్టిగానే చుడుతుంటాయి — ఆకు లేదు, దారం లేదు. ఆ వేళ్లు తీశాను. పాటలో ఉన్నది వేరే. ఉండనీ.

సెప్టెంబర్ 25

*ఆసీజాన కొత్తసీర గరగరమని పలికెనే.*

ఆశ్వయుజం. చీర పుట్టేచోటే తీద్దామని సిరిసిల్ల పోయాం. సాంచాల షెడ్డు, అన్నీ మరమగ్గాలే. లోపల అడుగుపెడితే చెవులు గింగురుమన్నాయి, నా మాట నాకే వినబడదు. నేసే ఆయన సైగలతోనే పక్కకు జరగమన్నాడు.

కెమెరాలోంచి చూస్తున్నా. సాంచ వెనక సుగుణ. పెదవులు కదులుతున్నాయి.

పాడుతోందా? ఎవరికీ వినబడని చోటు...

ఐదు ఫ్రేములు కొట్టి, చెయ్యి పట్టుకుని బయటకు తెచ్చి అడిగాను. "దూపయితుందంటున్న. ఎన్నిసార్లనాలె?"

నీళ్ల సీసా తెచ్చిచ్చాను. గటగటా తాగింది. దూపే కావచ్చు.

సెప్టెంబర్ 26

ఐదు ఫ్రేములూ పెద్దవి చేసి చూశాను. ఐదింట్లో పెదవుల తీరు ఐదు రకాలు. దూప అన్న మాట అంత పొడుగా?

నవంబర్ 9

జగిత్యాల ల్యాబులో ప్రింట్లు. మానస కాలేజీ నుంచి వచ్చింది. భాద్రపదం, కార్తీకంతో కలిపి ఎనిమిదింటినీ బల్ల మీద పరిచి చూసింది. వాళ్లమ్మ చేతుల ఫోటో దగ్గర ఆగిపోయింది నా బిడ్డ.

"అమ్మ పాడిందా?"

"లేదు. అడుగుతనే ఉన్న."

"అడుగుడు బంద్ వెట్టు నాయినా. అడిగితె ఇంకింత ముడుసుకుంటది."

ఇద్దరం చాయ్ తాగాం.

జనవరి 4

మార్గశిరం అయింది, పుష్యం అయింది. ఇంకా రెండు. ఫోటోలు గోడ మీదికి చేరుతున్నాయి. ఇల్లు సప్పుడు లేకుండా ఉంది.

ఫిబ్రవరి 1

*మాగమాన తొలిఈత ముంతనిండ నురగలే.*

దీనికి మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు. మా నాయిన చెట్టెక్కినవాడు. ఈతవనంలో పుట్టి పెరిగాను. ఆ ఏడు కొత్తగా గీసిన ఈతచెట్టు — తొలిఈత. ముంత — కల్లుముంత. పొద్దున్నే చిన్నాయన దగ్గరికి పోయాను. అప్పుడే దించిన ముంత, అంచు దాకా నురగ, దాని మీద ఎండ. ఏడాదిలో ఇంత మంచి ఫోటో పడలేదు. ఫ్రేము కూడా కట్టాను.

ఫిబ్రవరి 2

ఇవాళ్టిది రాసుకోవాలి.

చూపించాను. సుగుణ ఫ్రేమును దగ్గరికి పట్టుకుంది, దూరం పట్టుకుంది. "గిదేంది?"

"తొలిఈత."

"కల్లా? నా పాటల కల్లెందుకుంటదయ్యా! మా బర్రె తొలిఈత అది. మా బర్రె ఈనింది!"

వాళ్ల నాయిన చెట్టు మానేసి బర్లు పెట్టుకున్నాడు. వాళ్లింట్లో ఈత అంటే అదే. మా ఇంట్లో ఈత అంటే చెట్టే. ఒకే కులం, ఒక్కటే మాట, ఇరవై రెండేళ్ల కాపురం — నేను కల్లు తాగుతూ విన్నాను, ఆమె పాలు పిండుతూ పాడింది. కానీ అంత మంచి ఫోటో... నాకూ మొండి పట్టింది.

"ముంత ఉంది, నురగ ఉంది. బర్రె అని యాడుంది?"

"యాడుందా?" కోపంతో ముఖం ఎర్రబడింది. "యాడుందా —" అని, ఆ ఊపులోనే,

*నాకి నాకి తల్లి లేపె నల్లదూడ నిలిచెనే —*

పాడింది.

మధ్యలో గొంతు పగిలింది. 'నిలిచెనే' దగ్గర ఒట్టి గాలే వచ్చింది. అయినా రాగం దారి తప్పలేదు. అదే రాగం. నా చెప్పుల సప్పుడులో పోగొట్టుకున్నది.

ఏం చేసిందో ఆమెకు అప్పుడు తెలిసింది. గాటు మీద చెయ్యి పెట్టుకుని వంటింట్లోకి పోయింది. నేను షాపుకొచ్చి షట్టర్ సగం దించి ఏడ్చాను. ఒకరు పాస్‌పోర్టు ఫోటోకు వచ్చి, చూసి, మళ్లొస్తనని పోయారు.

ఫిబ్రవరి 5

మిగతా పదకొండూ పాడవా అన్నాను. "పో అయ్యా, నీకేం పని లేదా." మళ్లీ తలుపులన్నీ మూసుకుంది.

మానసకు ఫోన్ చేసి కల్లు సంగతంతా చెప్పాను. చాలాసేపు నవ్వింది. తర్వాత అంది — "అడుగకు నాయినా. గెలుకు."

ఫిబ్రవరి 15

అత్తగారింట్లో బర్రె ఈనిందట. పోయి దూడను తీశాను. కల్లు ఫోటో పక్కనే తగిలించాను, తీసెయ్యలేదు. సుగుణ పోతూ వస్తూ కల్లును చూసి మూతి తిప్పుతోంది. బాగుంది.

ఫిబ్రవరి 22

*పాల్గునాన మోదుగుపూలు మంటలోలె పూసెనే.*

ఆఖరి చరణం. రోడ్డు పొడుగునా మోదుగులే. ఎక్కడా బండి ఆపలేదు. ఒక మలుపులో బూరుగుచెట్టు, ఆకు లేకుండా ఎర్రగా పూసి ఉంది. దాన్ని తీశాను. పక్కింటి జామకాయ తెంపినట్టు గుండె కొట్టుకుంది.

తప్పేమో. గొంతు మళ్లీ పగిలితే? అందరికంటే ముందు ఆమెకే వినబడుతుంది కదా అది. మొన్న వంటింట్లోకి పోయిన తీరు మరవలేకుండా ఉన్నా.

ఫిబ్రవరి 24

రెండు రోజులు సంచిలోనే పెట్టుకుని తిరిగాను. ఇవాళ బల్ల మీద పెట్టేశాను. పేపరు చదువుతున్నట్టు కూర్చున్నా.

చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చూసింది. చాలాసేపు.

"గిది బూరుగు."

"మోదుగు గాదా?"

"మోదుగాకు ఇస్తార్ల తిని పెరిగినోనివి. నీకు మోదుగు తెల్వదా?"

"తెల్వది."

నా అబద్ధం ఎప్పుడు దాగింది ఆమె దగ్గర! గోడ మీది కల్లుముంతను చూసింది, దూడను చూసింది, నన్ను చూసింది. కొంగు గొంతు మీది నుంచి జారింది. సర్దుకోలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"అయితె ఇను" అంది.